అనపకాయకు దీర్ఘం లేదు

ఆంజినప్ప భార్య కాళమ్మ పదకొండో దినం నాడు, పిండాలు పెట్టి కాకుల కోసం చూస్తుండగా గురుబరపల్లిలో సోమప్ప జీపు ఆగింది.

తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో రోజాపూల బుట్టతో సోమప్ప దిగాడు. ఊరి లెక్కలో ఆయన మూకండపల్లిలో పూలు ఎగుమతి చేసే వ్యాపారి. ఆయన కోల్డ్ స్టోరేజీలో పూల పెట్టెల వెనక ఒక ఇనుప తలుపు ఉంది. ఆ తలుపు వెనక పేరు లేని ఒక సర్కారు ఆఫీసు ఉంది. ఆ సంగతి ఊరికి తెలియదు. ఆంజినప్పకు తెలుసు. అతను ఆ ఆఫీసు మనిషి. ఏజెంట్ నైన్.

సోమప్ప పూలు కాళమ్మ ఫోటో ముందు పెట్టాడు. కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఆంజినప్పను కోళ్ల గూటి పక్కకు పిలిచాడు. ఆఫీసు తరఫున సంతాపం అంతటితో అయిపోయింది.

"అసైన్‌మెంట్ ఉండాది."

"ఈ పొద్దు పదకొండో దినం సార్."

"తెలుసప్పా. పడవ మన దినాలు చూసుకొని బయల్దేరదు గదా."

బ్రీఫింగ్ కోళ్ల గూటి దగ్గరే జరిగింది. మూకండపల్లి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో రాకెట్లకు గైరోలు, వాల్వులు లేత్ మీద తిప్పే షెడ్లు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో ఒక విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఏ షెడ్డో తెలియదు. దానికి ఎలక్ట్రానిక్ తాళం ఉంది. ఆఫీసు ఆ బాంబుకు పెట్టిన కోడ్ పేరు బీగం. ఆ బీగాన్ని పేల్చే పరికరం ఒక్కటే ఉంది, అగ్గిపెట్టెంత. దాని కోడ్ పేరు చెవి. పరాయి దేశం నుంచి సిగ్నల్ వస్తే మనవాళ్ల ఫిల్టర్ పట్టేస్తుంది. కాబట్టి చెవిని మన టవర్ అందే చోటికి తెచ్చి నొక్కాలి. విమానాశ్రయం స్కానర్లు దాన్ని దాటనివ్వవు. అందుకని తెరచాప పడవలో తెస్తున్నారు. మారిషస్ నుంచి మద్రాసు దాకా. పడవ పేరు సీ లార్క్. నడిపేవాడు లూకాస్. వాడికి వంటమనిషి కావాలి.

ఆంజినప్ప సగం వయసు నేవీ తెరచాప ఓడలో గడిపాడు. వంట చేశాడు, తాళ్లు లాగాడు. ఇంట్లో మాత్రం ఉండలేదు.

"నీ పేరు సెల్వం. పడవలో ఇంగో మనిషి మనోళ్లే," అన్నాడు సోమప్ప. "శోభన. లూకాస్‌కు గర్ల్‌ఫ్రెండ్ అని కవర్. కుందారపల్లి అమ్మాయి. నీ యాసే ఆమె యాస. చెవి దొరికితే సముద్రంలో పారేయొద్దు. అది చేతిలో ఉంటేనే బీగం యాడుందో కనిపెట్టగలం. పారేస్తే బాంబు ఆడనే ఉంటాది, వాళ్లు ఇంగో చెవి చేసుకొస్తారు."

"షెడ్లు ఖాళీ చేయించొచ్చు గదా?"

"చేయిస్తే వాళ్లకు తెలిసిపోతాది. ఇంగో ఊర్లో పెడతారు. పైవాళ్లు వద్దన్నారు."

"నా కూతురు ఆ షెడ్లలోనే పని చేస్తాది సార్."

సోమప్ప కోళ్ల వైపు చూశాడు. "అందుకే నిన్ను పంపేది. పని బాగా చేస్తావని."

ఆంజినప్పకు కోపం రావాలి. రాలేదు. పదకొండు రోజులుగా అతనికి ఏదీ రావడం లేదు. ఏడుపు కూడా రాలేదని బంధువులు అప్పటికే గుసగుసలాడుకుంటున్నారు.

గాడ్జెట్లు మూడు ఇచ్చాడు సోమప్ప. అడుగున శాటిలైట్ ఫోన్ దాచిన ఉప్పు డబ్బా. తీరం టవర్ అందగానే మణికట్టును గిల్లే చేతి గడియారం. అచ్చం చెవిలాగే ఉండే ఒక డమ్మీ. అది మూకండపల్లి లేత్ మీదే తిప్పింది.

కూతురు త్రివేణి అతని సంచి చూసింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పూడుకుపోయి ఉంది.

"పదకొండో దినం గూడా ఇంట్లో ఉండలేవా నాయనా?"

అతను చొక్కా మడిచి సంచిలో పెట్టాడు. ఆమె దాని పక్కన ఒక రేకు డబ్బా పెట్టింది. అందులో ఎండిన అనపకాయలు ఉన్నాయి. పోయిన చలికాలం కాళమ్మ చేతులతో ఎండబెట్టినవి. గింజలు ఒలిస్తే పురుగు పడుతుందని ఆమె కాయతోనే ఎండబెట్టేది. కావలసినప్పుడు ఒలిచి, నానేసి, వేళ్ల మధ్య పితికి పప్పు చేసేది. ఆ డబ్బాలో ఉన్నవి ఆఖరివి.

*

మారిషస్ నుంచి మద్రాసు దాకా సముద్రంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. గాలి ఉంటే పడవ నడిచింది, లేకపోతే నిలిచింది. ఆంజినప్ప వండాడు, తాళ్లు లాగాడు, తన వంతుకు పడవ దిక్కు తిప్పే టిల్లర్ పట్టాడు. పగలు నీళ్లు, రాత్రి నీళ్లు. భార్య చచ్చిన మనిషికి సముద్రం మంచి చోటు. ఎవరూ వచ్చి ఎట్లున్నావని అడగరు.

రేకు డబ్బా పడవ వంటగది గ్యాలీలో పలక మీద ఉండేది. అతను దాన్ని తెరవలేదు.

లూకాస్ నవ్వు ముఖం మనిషి. ఎవరు డబ్బిస్తే వాళ్ల సరుకు మోసేవాడు. చెవిని ఎక్కడ దాచాడో అంత సులభంగా తెలియలేదు. శోభన వెతుకుతున్నానని చెప్పేది, దొరకలేదనేది. సముద్రం మధ్యలో కూడా ఆమె కాటుక చెదిరేది కాదు. చెవులకు ముత్యాలు, పెదాలకు ఎర్ర లిప్‌స్టిక్. లూకాస్ ముందు ఫ్రెంచ్, ఆంజినప్ప ముందు హోసూరు తెలుగు.

"యాడ జూసినా నీళ్లేనన్నా. ఎప్పుడు ఊరు జేరుకుంటామో," అనేది. యాసలో ఒక్క తప్పు లేదు. ఆమె మాట వింటుంటే కుందారపల్లి బస్టాండ్‌లో నిలబడ్డట్టు ఉండేది. అది తనకు ఊరట కలిగించాలని ఆంజినప్పకు తెలుసు. కలగలేదు.

ఆఖరి రోజు తెల్లవారింది.

నీళ్ల రంగు మారింది. నీలం పోయి పచ్చబడి, తర్వాత బురద కలిసినట్టు అయింది. ఒక తూనీగ వచ్చి తాడు మీద వాలింది. ప్లాస్టిక్ చెప్పు ఒకటి తేలుతూ పోయింది. మట్టి వాసన వచ్చింది. లూకాస్ గట్టిగా ఊపిరి పీల్చి, భూమి, భూమి అని గెంతాడు. ఆంజినప్పకూ ఆ వాసన తగిలింది. గురుబరపల్లి శ్మశానంలో తవ్విన మట్టి కూడా ఇట్లాగే ఉండింది.

కొత్త దేశం తీరం చేరేముందు పడవ మీద ఆ దేశం జెండా ఎగరేయాలి. అది సముద్రం మర్యాద. లూకాస్ మన జెండా బయటికి తీశాడు. జెండా తాడు పైన చిక్కుబడింది. లూకాస్ తాడు ఊయల్లో కూర్చున్నాడు. ఆంజినప్ప తాడు చుట్టే వించ్ తిప్పి వాణ్ని తెరచాప స్తంభం కొన దాకా లేపాడు. తాడు బిగించి కట్టి, కిందికి దిగాడు.

లూకాస్ ఎప్పుడూ వదలని వస్తువు ఒక్కటే, గడ్డం గీసుకునే పెట్టె. ఈ రోజు దాన్ని పైకి తీసుకుపోలేదు. మూత కింద ఇంకో మూత ఉంది. దాని కింద చెవి. అగ్గిపెట్టెంతే, నల్లగా ఉంది. ఆంజినప్ప దాన్ని తీసి డమ్మీ పెట్టాడు. చెవిని రేకు డబ్బాలో, కాళమ్మ ఎండబెట్టిన కాయల మధ్య దూర్చాడు. డబ్బా తెరవడం అదే మొదటిసారి. వాసన రాకముందే మూత పెట్టేశాడు.

ఉప్పు డబ్బా అడుగు తిప్పి ఫోన్ చేశాడు.

"చెవి దొరికింది సార్."

"శభాష్. యాడ పెట్టినావు?"

"అనపకాయల్లో."

"ఆమెకు చెప్పినావా?"

"లేదు."

"మంచిది. ఒక సంగతి ఒక తలలోనే ఉండల్ల."

ముందు గదిలో శోభన కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆమె నిద్రపోతోందని అతను అనుకున్నాడు. పైనుంచి లూకాస్ తనను దింపమని అరిచాడు. ఆంజినప్ప పోయి దింపాడు. జెండా ఎగిరింది. లూకాస్ దానికి సెల్యూట్ కొట్టాడు.

*

ఇక్కడినుంచి చేపల వలలు ఎక్కువ. లూకాస్ ఆంజినప్పను టిల్లర్ దగ్గర నిలబెట్టి తాను ముందు కూర్చుని దారి చూశాడు. శోభన మెట్ల మీదికి వచ్చి, ఈ రోజు వంట తనదని చెప్పింది. ఆఖరి రోజు గదా, నువ్వు పడవ చూసుకో అన్నా, అంది. ఇన్ని రోజుల్లో ఆమె గరిటె పట్టింది లేదు. ఆంజినప్ప సరేనన్నాడు. అతనికి అనుమానం రాలేదు. అనుమానం రావడానికి కూడా మనిషి కొంచెం బతికి ఉండాలి.

ఎండ నడినెత్తికి వచ్చాక లూకాస్ టిల్లర్‌ను ఆటోపైలట్‌కు తగిలించాడు. ఆంజినప్ప నీళ్లు తాగడానికి కిందికి దిగాడు.

గ్యాలీలో వలసంచి ఖాళీగా వేలాడుతోంది. మారిషస్ బజారులో కొన్న సొరకాయలు అందులో ఉండేవి. ముదురు కాయలు, ఇంతకాలం నిలిచాయి. ఇప్పుడు అన్నీ పలక మీద ఉన్నాయి. నిలువునా చీలి ఉన్నాయి. లోపలి గుజ్జు, గింజలు వేలితో గీరినట్టు బయటికి తీసి ఉన్నాయి. తోలు తీయలేదు. పొయ్యి వెలిగించలేదు.

శోభన చేతులు తుడుచుకుంటోంది. కాటుక మొదటిసారి చెదిరి ఉంది.

"ఇన్ని కాయలు ఏంటికమ్మా?"

"మిగిలితే పారేయల్ల గదన్నా. అన్నీ వండేద్దామని."

"ఉప్పు ఏసినావా?"

"ఇంగా లేదు."

ఆంజినప్ప ఉప్పు డబ్బా అందుకున్నాడు. అడుగు తిప్పి, మళ్లీ పలక మీదే పెట్టాడు. మూకండపల్లిలో ఇనుప తలుపు వెనక ఒక ఫోన్ మోగి ఉండాలి. ఎవరైనా ఎత్తారో లేదో తెలియదు.

అతను ఒక సొరకాయ ముక్క చేతిలోకి తీసుకున్నాడు.

"దీన్ని కుందారపల్లిలో ఏమంటారు?"

"ఆనపకాయ," అంది. ఆలోచించకుండా అంది.

పడవ అలమీద లేచి దిగింది. ఆంజినప్ప ముక్క కింద పెట్టాడు. ఆమె తెల్లవారుజామున నిద్రపోలేదు. ఫోన్ మాట విన్నది. విన్న మాటకు తన ఊరి దీర్ఘం తగిలించుకుంది. అంతే జరిగింది. ఒకటే మిగిలింది, నోరు మూసుకోవడం. కాసేపు మూసుకుంటే చాలు, చెవి భద్రంగా రేవు చేరేది.

అతను మూసుకోలేదు. అది కాళమ్మ మాట. దాన్ని తప్పు పలుకుతుంటే వినలేకపోయాడు.

"కుందారపల్లిలో ఇది సొరకాయమ్మా," అన్నాడు. "అనపకాయ అంటే చిక్కుడు జాతి. గింజలు నానేసి, పితికి పప్పు చేస్తారు. అనపకాయకు దీర్ఘం లేదు."

ఆంజినప్ప ఉద్యోగంలో చేసిన తప్పులు తక్కువ. వాటిలో ఇదే పెద్దది.

శోభన ఒక్క క్షణం సొరకాయ ముక్కల్ని చూసింది. తర్వాత తల ఎత్తి పలక మీద రేకు డబ్బాను చూసింది. ఆమె తెలివిగలది. లిప్‌స్టిక్ తీసింది. మూత వెనక్కి తిప్పితే దాని కొనలో చిన్న రంధ్రం కనిపించింది.

"కదలకు. ఒకటే బుల్లెట్, నీకది చాలు."

యాస పోయింది. ఆమె గొంతులో గోదావరి నీళ్లు వచ్చాయి.

"ఏ ఊరమ్మా నీది?"

"కాకినాడ పక్క. మీ ‘యాడ’, ‘ఈడ’ నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. ‘వచ్చినాను’, ‘పోయినాను’, అన్నీ నేర్పారు." పెదవి విరిచింది. "కూరగాయలు ఎవరూ నేర్పలేదు."

"లూకాస్‌కు తెల్లవారంగానే చెప్పి ఉండొచ్చు గదా?"

"మీ ఆఫీసులో నా కుర్చీ లూకాస్ కంటే ఖరీదు. వాడికి చెబితే గొడవై నా గుట్టు బయటపడేది. గుట్టుగా తీసి గుట్టుగా పెట్టేద్దామనుకున్నాను. పొద్దుటినుంచీ నీ దరిద్రపు కాయలు గీకుతూ కూర్చున్నాను."

ఆంజినప్ప ఉప్పు డబ్బా వైపు చూడలేదు.

"చెవి తీసుకున్నా నీకేమి తెలుసు? బీగం ఏ షెడ్లో ఉందో నీ అట్లాంటోళ్లకు చెప్పరు. కూలి మనుషులు మీరు."

ఆమెకు అది గుచ్చుకుంది.

"పెట్టించిందే నేను. కూలెంట్ నూనె పీపాలో ఉంది. ఏ షెడ్డో చెప్పనా? మీ త్రివేణి ఉండే షెడ్డు. రోజూ ఆ పీపా పక్కనే కూర్చుని టిఫిన్ తింటుంది. మంచి పిల్ల. పచ్చడి బాగుందంటే నాకూ ఒకసారి పెట్టింది."

ఆంజినప్పకు ఏదో జరగాలి. చేతులు నిలకడగా ఉన్నాయి. చేతులకు అర్థమయ్యాక తలకు అర్థమయ్యే రకం మనిషి అయిపోయాడు అతను.

ఆమె డబ్బా తీసి కుమ్మరించింది. ఎండుకాయలు గలగలమని నేలమీద పడ్డాయి. పడవ అడుగున ఊరిన ఉప్పునీళ్లలోకి కొన్ని జారాయి. చెవి వాటి మధ్య నల్లగా కనిపించింది. ఆమె దాన్ని తీసుకుని కాయల మీదే నడిచింది. చెప్పుల కింద అవి చిట్లిన చప్పుడు అయింది.

పిస్తోలు చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. ఆ చప్పుడు మాత్రం వినపడింది.

*

శోభన అతన్ని పైకి నడిపించి లూకాస్‌కు సంగతి చెప్పింది. వాడి నవ్వు పోయింది. ఆపద సమయంలో ఆకాశంలోకి మంట కాల్చే ఫ్లేర్ పిస్తోలు తీసి ఆంజినప్ప గుండెకు గురిపెట్టాడు. కింద వదిలితే రేడియో ముట్టుకుంటాడని, టిల్లర్ ఉండే కాక్‌పిట్‌లో వెనక మూలన కూర్చోబెట్టాడు. చేతులు వెనక్కి పెట్టుకోమన్నాడు.

ఆంజినప్ప పెట్టుకున్నాడు. చేతుల వెనక ఒక తాడు ముడి తగిలింది.

గాలి వీపు వెనకనుంచి వీస్తోంది. పెద్ద తెరచాప ఒక పక్కకు పూర్తిగా తెరిచి ఉంది. తెరచాప కింది అంచును పట్టుకునే బరువైన కర్రను బూమ్ అంటారు. గాలి వెనకనుంచి వచ్చేటప్పుడు ఆ బూమ్‌ను తాడుతో కట్టి ఉంచాలి. కట్టకపోతే, పడవ కొంచెం తిరిగినా అది ఈ పక్కనుంచి ఆ పక్కకు కొడవలిలాగా కోసుకుంటూ వస్తుంది. దానికింద తల ఉంటే తల ఉండదు. ఆ తాడు ముడి ఇప్పుడు ఆంజినప్ప వేళ్ల మధ్య ఉంది. తెల్లవారుజామున దాన్ని కట్టింది అతనే.

దూరంగా లైట్‌హౌస్ సన్నగా లేచింది. శోభన గది కప్పు మీదికి ఎక్కి చెవిని తలపైకి ఎత్తి పట్టుకుంది. దాని మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. టవర్ అందితే పచ్చబడుతుంది. పచ్చబడ్డాక బొటనవేలు నొక్కితే చాలు.

ముడి మొదటి మెలిక ఊడింది.

ఉప్పు డబ్బాలో మాట సోమప్ప విన్నాడా? విన్నా షెడ్ దాకా పోవాలి. ఎస్టేట్ గేటు దగ్గర సెక్యూరిటీవాడు పాస్ అడుగుతాడు. పూల వ్యాపారికి పాస్ ఉండదు. ఇవన్నీ ఆంజినప్ప తలలో వరసగా వచ్చాయి, ఎవరో వేరేవాళ్ల సంగతి అన్నట్టు. త్రివేణి టిఫిన్ డబ్బాకు సొట్ట ఉంటుంది. కాళమ్మ దాన్ని ఒకసారి విసిరికొట్టింది, మొగుడు దీపావళికి కూడా రాలేదని.

రెండో మెలిక ఊడింది.

గడియారం మణికట్టును గిల్లింది.

శోభన చేతిలో చుక్క పచ్చబడింది. ఆమె నవ్వింది. బొటనవేలు లేచింది.

ఆంజినప్ప తాడు వదిలి, తుంటితో టిల్లర్‌ను ఒక్క తోపు తోశాడు. ఆటోపైలట్ కడ్డీ ఊడి ఎగిరింది. పడవ వెనకభాగం గాలికి అడ్డం తిరిగింది. బూమ్ ఒక్క క్షణం ఆగి, తర్వాత ఒకేసారి వచ్చింది.

ఆమె దాన్ని చూసింది. వంగడానికి టైం చాల్లేదు. భుజానికి తగిలింది. ఆమె ఒక వైపు, చెవి ఒక వైపు ఎగిరి నీళ్లలో పడ్డారు.

లూకాస్ కాల్చాడు. పడవ ఒరిగినందుకు మంట ఆంజినప్ప తల పక్కనుంచి పోయి తెరచాపలో దూరింది. అందులో పళ్లెమంత బొక్క పడింది. రెండోసారి మందు దట్టేలోపు ఆంజినప్ప వించ్ తిప్పే ఇనుప పిడితో వాడి మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. వాణ్ని అదే తాడుతో అదే ముడి వేసి కట్టాడు.

వెనక నీళ్లలో శోభన ఒక చేత్తో ఈదుతోంది. పేరు పెట్టి పిలుస్తోంది. సెల్వమన్నా అని కాదు, ఆంజినప్పా అని. అతను లైఫ్ రింగ్ విసిరాడు. అది ఆమెకు అందేంత దగ్గర్లోనే పడింది. పడవ వెనక్కి తిప్పలేదు. లైఫ్ రింగ్ విసరడం సముద్రం రూలు. వెనక్కి తిప్పాలా వద్దా అనేది మనిషిని బట్టి ఉంటుంది. అవతల చేపల పడవ ఒకటి వస్తోంది. వాళ్లు మంచివాళ్లు, ఎత్తుకుంటారు.

చుక్క పచ్చబడటం అతను చూశాడు. బొటనవేలు దిగిందో లేదో చూడలేదు.

కిందికి దిగాడు. ఉప్పు డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. గరగరమంటోంది. లైన్ తెగలేదు.

"సార్."

జవాబు లేదు. ఎవరివో అడుగులు. లోహం మీద లోహం చప్పుడు. ఆంజినప్ప నేలమీద కూర్చున్నాడు. చేతికి అందిన కాయల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేయసాగాడు. చిట్లినవి, తడిసినవి, అన్నీ. ఇంకేమి చేయాలో అతనికి తెలియలేదు.

"ఆంజినప్పా." సోమప్ప రొప్పుతున్నాడు. "పీపా దొరికింది. వైరు కత్తిరిస్తా ఉండంగానే దానిమీద పచ్చ లైటు వచ్చింది. మా వాడు కళ్లు మూసుకొని కత్తిరించేసినాడు. లైటు పోయింది."

"త్రివేణి?"

"బయటికి పంపినాం. శానా గలాటా చేసిందప్పా నీ కూతురు. సగం తిన్న టిఫిన్ లోపల ఉండాదంట. నన్ను పట్టుకొని, పూలమ్ముకునేవాడివి నీకేంది అధికారం అనింది."

ఆంజినప్ప ఒక కాయ ఏరి డబ్బాలో వేశాడు.

"వాళ్లమ్మ పోలిక," అన్నాడు.

*

కోస్ట్‌గార్డ్ వచ్చి లూకాస్‌ను, చేపల పడవ నుంచి శోభనను తీసుకుపోయింది. ఆంజినప్ప బొక్క పడ్డ తెరచాపతో పడవను ఒక్కడే రేవులోకి తెచ్చి కట్టాడు. మహా సముద్రం దాటివచ్చిన పడవకు స్వాగతం చెప్పడానికి రేవులో ఎవరూ లేరు. ఒక కుక్క వచ్చి వాసన చూసి పోయింది. గట్టు మీద కాలు పెడితే నేల ఊగింది. అది కొన్ని రోజులు ఊగుతుందని అతనికి తెలుసు. భార్య చచ్చాక ఎన్ని రోజులు ఊగుతుందో ఎవరూ చెప్పలేదు.

సొంత ఫోన్ ఆన్ చేశాడు. ఒకే ఒక మెసేజ్ ఉంది. అతను బయల్దేరిన వారానికి వచ్చింది. "నాయనా, అమ్మ డబ్బా ఎండలో పెట్టు. పురుగు పడుతుంది."

సోమప్ప పంపిన జీపు కృష్ణగిరి దాటింది. గురుబరపల్లి దగ్గర డ్రైవర్ ఇంటికి తిప్పమంటారా అని అడిగాడు. వద్దన్నాడు. కుందారపల్లి వచ్చింది, పోయింది. హైవే పక్కన ఒక ముసలామె గోనెపట్టా మీద పచ్చి అనపకాయలు కుప్ప పోసి అమ్ముతోంది. అతను తల తిప్పి చూశాడు, అంతే.

మూకండపల్లిలో త్రివేణి తన అద్దె ఇంటి తలుపు తీసింది. తండ్రిని చూసింది, గడ్డం చూసింది, చేతిలో డబ్బా చూసింది. డబ్బా తీసుకుని లోపలికి పోయింది. కాయలు ఒలుస్తున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. మర్నాడు నానిన గింజలు పితికి పప్పు చేసింది.

అతను ఒక ముద్ద తిన్నాడు.

"ఉప్పు జాస్తి," అంది త్రివేణి. "నేను వేయనే లేదు. అయినా జాస్తి."

అతను తినడం ఆపలేదు. పళ్లెం ఖాళీ అయ్యాక కూడా వేలితో గీకాడు. అప్పుడు అతని భుజాలు కదిలాయి. కాళమ్మ పోయిన ఇన్ని రోజులకు ఏడుపు వచ్చింది. త్రివేణి పక్కనుంచి లేవలేదు, ఓదార్చలేదు. ఇంకో గరిటె వేసింది.

వారం తర్వాత సోమప్ప ఒక కవరు పంపాడు. పైవాళ్ల దగ్గర్నుంచి మెచ్చుకోలు పత్రం. సోమప్ప రాసి పంపిన రిపోర్టును అక్కడెవరో చదువుకున్న ఆఫీసరు స్పెల్లింగ్ తప్పనుకుని దిద్దినట్టున్నాడు. శత్రువుల పరికరాన్ని ఏజెంట్ నైన్ ప్రాణాలకు తెగించి ఒక పెద్ద ఆనపకాయలో దాచి కాపాడాడని అందులో ఉంది. పక్కనే ఇంగ్లీషులో కూడా సొరకాయ అనే రాశారు.

తప్పుంటే దిద్ది తిప్పి పంపమని సోమప్ప కింద ఒక మాట రాశాడు.

ఆంజినప్ప సంతకం పెట్టి తిప్పి పంపాడు. మాటలు దిద్దడం అతను మానేశాడు.